పొయ్యి లేని వంట

ఇస్త్రీపెట్టె పిడి కింద గుండ్రటి మీట ఒకటి ఉంటుంది. దాని చుట్టూ నైలాన్, పట్టు, ఉన్ని, నూలు అని రాసి, పక్కన ఒకటో రెండో మూడో చుక్కలు పెడతారు. చొక్కా లోపల కుట్టిన చిన్న పట్టీ మీద ఇస్త్రీపెట్టె బొమ్మలో కనిపించే చుక్కలూ అవే. ఒక చుక్క ఉంటే అడుగు రేకు వేడి 110 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని, రెండుంటే 150, మూడుంటే 200 దాటకూడదని అర్థం. బట్ట కాలిపోకుండా పెట్టుకున్న హద్దులివి. ఇవే అంకెల్ని వంట తెలిసినవాళ్లు చూస్తే వాళ్లకి ఇంకోటి కనిపిస్తుంది. 110 దగ్గర తడి ఇగిరిపోతుంది. 150 దగ్గర రొట్టె ఎర్రబడుతుంది. 200 అంటే అట్టు పోయడానికి సిద్ధంగా ఉన్న పెనం. పైగా మామూలు పెనానికి లేని సదుపాయం దీనికుంది. పెనం ఎంత కాలిందో నీళ్లు చిలకరించి చూసుకోవాలి. ఇస్త్రీపెట్టె తన వేడిని తనే చూసుకుంటుంది.

హాస్టల్ గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. గదిలో పొయ్యి పెట్టనివ్వరు. మెస్ తొమ్మిదింటికి మూసేస్తారు. ఆకలి పదకొండింటికి వేస్తుంది. అప్పుడు చేతికి అందేవి రెండే, ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచుకునే కెటిల్. ఊరుగాని ఊళ్లో నలుగురైదుగురు కలిసి ఒక గదిలో ఉండి పనికి పోయేవాళ్ల పరిస్థితీ ఇంతే. ఇలా వండుకోవడాన్ని చాలామంది అల్లరిగానో గతిలేనితనంగానో చూస్తారు. నేను దాన్ని భౌతికశాస్త్రంగా చూస్తాను. పొయ్యి అనే వస్తువుని పక్కన పెట్టి వంటలో అసలేం జరుగుతుందో చూడటానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

గుడ్డు ఉడుకుతున్నది గిన్నెలోనా కెటిల్లోనా అన్నది గుడ్డుకి అక్కర్లేదు. అందులోని మాంసకృత్తులకి కావలసింది ఒక ఉష్ణోగ్రత, ఆ ఉష్ణోగ్రత దగ్గర కొంతసేపు ఉండటం. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలుపెట్టి 80 దగ్గర గట్టిపడుతుంది. పచ్చసొన 65, 70 మధ్య గడ్డకడుతుంది. బియ్యంలోని పిండిపదార్థం నీళ్లు పీల్చుకుని ఉబ్బడానికి, అంటే బియ్యం అన్నం కావడానికి, రకాన్ని బట్టి 60 నుంచి 80 డిగ్రీల మధ్య వేడి కావాలి. ఇవన్నీ నీళ్లు మరిగే వేడి కంటే తక్కువే. రొట్టె ఎర్రబడటం, ఉల్లిపాయ వేగి కమ్మటి వాసన రావడం మాత్రం వేరే లెక్క. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి రంగునీ వాసననీ పుట్టించే ఆ చర్యని 1912లో లూయీ కమీ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వర్ణించాడు. అది కంటికి కనిపించేంత వేగంగా జరగాలంటే 140 డిగ్రీలకి అటూఇటూ ఉండాలి.

ఈ రెండిటి మధ్య గోడ కట్టేది నీరు. తడి ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. ఎంత మంట పెట్టినా నీళ్లు ఇంకాస్త త్వరగా ఆవిరవుతాయి తప్ప ఇంకాస్త వేడెక్కవు. అదీ సముద్రమట్టం దగ్గర మాట. దాదాపు మూడువందల మీటర్లు ఎక్కితే ఒక డిగ్రీ తగ్గుతుంది. కాకినాడలో నూరు డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు హైదరాబాదులో 98 దగ్గరే మరుగుతాయి, లద్దాఖ్‌లోని లేహ్‌లో 88 దగ్గర. కనుక ఏ వస్తువుతో వండబోయినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే: ఇది తడివంటా, పొడివంటా?

ఇస్త్రీపెట్టె పొడివంట సాధనం. బ్రెడ్డు ముక్కలకి బయటివైపు వెన్న రాసి, మధ్యలో చీజ్ ముక్క పెట్టి, అల్యూమినియం రేకులో చుట్టి, వేడికి పాడవని బల్ల మీదుంచి పైన ఇస్త్రీపెట్టె ఆనిస్తారు. మొదట్లో ఏమీ జరిగినట్టుండదు. రేకు మడతల్లోంచి సన్నగా ఆవిరి వస్తుంది, అంతే. బ్రెడ్డు బరువులో మూడోవంతుకి పైగా నీళ్లే. పై పొరలోని తడి పోయేదాకా అక్కడి వేడి నూరు దగ్గరే ఆగిపోతుంది, మీద ఉన్న లోహం 200 డిగ్రీలున్నా సరే. ఆ పొర ఆరిపోగానే వేడి చకచకా పైకెక్కుతుంది. అప్పుడు మయ్యార్ చర్య మొదలై గదంతా వాసన కమ్ముకుంటుంది. టోస్టు చాలాసేపు తెల్లగానే ఉండి, ఉన్నట్టుండి ఎర్రబడి, ఏమరుపాటుగా ఉంటే మాడిపోయేది ఇందుకే. వాసన రాగానే తిరగెయ్యాలి. రంగు కోసం రేకు విప్పి చూడక్కర్లేదు, ముక్కు ముందే చెబుతుంది.

ఇందులో ఇస్త్రీపెట్టె బరువు కూడా పనిచేస్తుంది. అల్యూమినియంతో పోలిస్తే గాలి వేడిని కొన్ని వేల రెట్లు తక్కువగా మోస్తుంది. లోహానికీ రొట్టెకీ మధ్య వెంట్రుకవాసి గాలిపొర ఉన్నా వేడి అక్కడ నిలిచిపోతుంది. బరువు పడి ఆ పొర నలిగిపోతే రొట్టె అంతటా ఒకే రంగు తేరుతుంది. పెనం మీద చపాతీని గుడ్డతో ఒత్తేది కూడా దీనికే.

మీట దగ్గర అప్పుడప్పుడూ 'టిక్' మని చప్పుడై దీపం ఆరుతుంది. లోపల రెండు వేర్వేరు లోహాలని ఒకదానికొకటి అతికించిన పట్టీ ఉంటుంది. వేడికి రెండూ ఒకే కొలతలో సాగవు, కనుక పట్టీ వంగుతుంది. వంగినప్పుడు కరెంటు తెగిపోతుంది, చల్లబడి నిటారైనప్పుడు మళ్లీ కలుస్తుంది. చుక్కల దగ్గర మనం తిప్పేది ఆ పట్టీ ఎంత వంగితే తెగాలన్న హద్దునే. ఇంత చిన్న ఏర్పాటు మనిషి పక్కన కూర్చుని మంట తగ్గించి పెంచే పనిని చేసేస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఇస్త్రీపెట్టెని తలకిందులుగా నిలబెట్టి దాని మీద గుడ్డు పోయడం మాత్రం వద్దు. నూనో సొనో అంచు దాటి లోపలికి జారితే అక్కడున్నది కరెంటు తీగ.

కెటిల్ది తడివంట. 1500 వాట్ల కెటిల్లో లీటరు నీళ్లు 30 డిగ్రీల నుంచి 100కి చేరడానికి 293 కిలోజౌళ్లు కావాలి. సెకనుకి ఒకటిన్నర కిలోజౌళ్ల చొప్పున చూస్తే మూడుంబావు నిమిషాలు. గోడల్లోంచి పోయే వేడి వల్ల ఇంకొంచెం పడుతుంది. గ్యాస్ పొయ్యి మీద మంటలో చాలాభాగం గిన్నె పక్కల నుంచి గదిలోకి పోతుంది. కెటిల్లో వేడి పుట్టేది నీళ్లకి ఆనుకునే, కనుక దాదాపు అంతా నీళ్లకే చేరుతుంది. ఆగిపోయే పని ఇక్కడా వంగే పట్టీదే, కాకపోతే అది నీళ్ల వేడిని చూడదు. నీళ్లు మరిగినప్పుడు పైన పోగయ్యే ఆవిరి ఒక సన్నదారి గుండా వచ్చి పిడి దగ్గరున్న పట్టీని తాకుతుంది, అప్పుడు మీట పడుతుంది. మూత తెరిచి ఉంచితే ఆవిరి దారి తప్పుతుంది, కెటిల్ ఆగదు.

కెటిల్లో గుడ్డు ఉడకబెట్టాలంటే నీళ్లు మరుగుతూనే ఉండాలని చాలామంది మూత తీసి పట్టుకుంటారు. అవసరం లేదు. మరిగి ఆగిపోయిన లీటరు నీళ్లలో ఒక్కోటి యాభై గ్రాములుండే రెండు గుడ్లు వేసి మూత పెడితే, గుడ్ల చల్లదనం వల్ల నీళ్లు ఎంత దిగుతాయి? గుడ్డు విశిష్టోష్ణం గ్రాముకి, డిగ్రీకి 3.3 జౌళ్లని తీసుకుని లెక్కవేస్తే, గుడ్లూ నీళ్లూ ఒకే వేడికి వచ్చేసరికి ఇంకా 95 డిగ్రీలుంటుంది. నాలుగు గుడ్లు వేస్తే 90. అర లీటరు నీళ్లలో నాలుగు వేస్తే మాత్రం 83కి పడిపోతుంది. కెటిల్ గోడలు కూడా చల్లబడతాయి కనుక ఆ లెక్కన పచ్చసొన మెత్తగానే మిగలొచ్చు. ఉడకడానికి కావలసింది నిప్పు కాదు, సరిపడా వేడినీళ్లు. పావుగంట అలా వదిలేస్తే లీటరు నీళ్లలోని రెండు గుడ్లు గట్టిగా ఉడుకుతాయి. ఈ లెక్క నోటికొస్తే అర లీటరు నీళ్లతో ఎన్ని గుడ్లు ఉడుకుతాయో వేయకముందే చెప్పొచ్చు. గుడ్డు పెంకు మీద మట్టీ రెట్టా ఉంటాయి కాబట్టి ముందు కడగాలి, వండిన నీళ్లు తాగడానికి వాడకూడదు.

కెటిల్లో పాలు కాచినా నూడుల్స్ వండినా పొంగి పిడిలోకి, కింద స్విచ్చులోకి కారుతుంది. ఉత్త నీళ్లలో ఆవిరి బుడగ పైకొచ్చి పగిలిపోతుంది. పాలలోని మాంసకృత్తులు గానీ, నూడుల్స్ వదిలిన పిండిపదార్థం గానీ బుడగ చుట్టూ సాగే పొరగా పేరుకుంటాయి, బుడగ పగలదు. ఒకదాని మీద ఒకటి పేరుకుని నురగగా లేస్తాయి. అడుగున అంటుకున్న పొర నీళ్లని తాకనివ్వదు, అక్కడ వేడి నూరు దాటి మాడుతుంది. దీనికి తేలికైన ఉపాయం ఒకటే, వంటని కెటిల్ బయటికి తేవడం. కెటిల్లో నీళ్లు మాత్రమే కాచి, మూతున్న స్టీలు డబ్బాలో నూడుల్స్ మీద పొయ్యడం.

అలా పోసినా అవి ఉడుకుతాయా అన్న అనుమానం వస్తుంది. నిజానికి అవి అప్పటికే ఉడికి ఉంటాయి. 1958లో జపానులో మొమొఫుకు ఆందో అమ్మకానికి తెచ్చిన ఇన్‌స్టంట్ నూడుల్స్ రహస్యం ఇదే. ఆవిరి మీద ఉడికించిన నూడుల్స్‌ని నూనెలో వేయిస్తే వాటిలోని నీరు ఆవిరై బయటికి పోతూ సన్నటి రంధ్రాలు వదిలిపోతుంది. తర్వాత వేడినీళ్లు ఆ రంధ్రాల్లోంచి లోపలికి చేరతాయి. వండటం ఫ్యాక్టరీలో అయిపోయింది, గదిలో జరిగేది నానబెట్టడం. 1971లో ఆందో కంపెనీ కప్పునే గిన్నెగా చేసి అమ్మింది.

ఈ విద్య మన ఇళ్లకి కొత్తది కాదు. అటుకులు ఏమిటి? వడ్లు నానబెట్టి, వేడి చేసి, దంచి పల్చగా చేసినవి. వాటిలో పిండిపదార్థం అప్పటికే ఉబ్బి ఉంది, పల్చగా ఉండటంతో నీళ్లు క్షణాల్లో చేరతాయి. చన్నీళ్లు చిలకరించినా మెత్తబడతాయి. మరమరాలూ పేలపిండీ సత్తుపిండీ ఈ కోవలోవే. నిప్పు దొరకని చోటికి పోయేవాళ్ల కోసం, నిప్పు దొరికిన చోట ముందే వండి ఆరబెట్టిన తిండి ఇది. పొలానికో యాత్రకో సద్ది కట్టిచ్చిన ఆడవాళ్లు ఈ లెక్కని అంకెలు లేకుండానే చేశారు. గదిలో స్టవ్ లేని పిల్లవాడికి పొట్లం నూడుల్స్ కంటే అటుకులే మేలని నా గట్టి అభిప్రాయం. వేడినీళ్లు పోసిన స్టీలు డబ్బాలో అటుకులు, వేయించిన పల్లీలు, ఉప్పు, కాస్త నిమ్మరసం పడితే భోజనమే.

నానబెట్టడానికి కాలం కూడా కలిస్తే బియ్యమూ వండొచ్చు, దానికి ఫ్లాస్కు కావాలి. 1892లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ డ్యువార్ ద్రవంగా మార్చిన వాయువుల్ని చల్లగా నిలపడానికి రెండు గాజుగోడల మధ్య గాలి తీసేసిన పాత్ర చేశాడు. 1904లో జర్మనీలో దాన్ని థర్మాస్ పేరుతో ఇంటి సామానుగా అమ్మడం మొదలైంది. చల్లటిదాన్ని చల్లగా ఉంచేదే వేడిదాన్ని వేడిగానూ ఉంచుతుంది. గోడల మధ్య గాలి లేదు గనుక వేడి మోసుకుపోయేవాళ్లు లేరు, మెరుగు పూత వికిరణాన్ని వెనక్కి తిప్పుతుంది.

వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కులో ముందు మరుగుతున్న నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఉంచి పారబొయ్యాలి. ఇది చేయకపోతే లోపలి గోడే కొంత వేడి తాగేస్తుంది. తర్వాత కడిగిన వంద గ్రాముల నూకలు, మూడువందల మిల్లీలీటర్ల మరిగే నీళ్లు. నూకలు 30 డిగ్రీల దగ్గరుంటే అన్నీ కలిశాక దాదాపు 92 డిగ్రీలుంటుంది. పిండిపదార్థం ఉబ్బడానికి కావలసిన హద్దుకి ఇది చాలా పైనే. మూత బిగించి ఒకసారి ఊపి గంటసేపు వదిలేస్తే మెత్తటి జావ తయారవుతుంది. బియ్యం బదులు నూకలు ఎందుకంటే, గింజ చిన్నదైతే నీరూ వేడీ లోపలికి వెళ్లాల్సిన దూరం తగ్గుతుంది. ఆ దూరం సగమైతే పట్టే కాలం సగం కాదు, సుమారు నాలుగోవంతవుతుంది.

ఫ్లాస్కు లేకపోయినా ఇదే పని చేసినవాళ్లున్నారు. ఉడుకుపట్టిన గిన్నెని ఎండుగడ్డి నింపిన పెట్టెలో పెట్టి మూసేసే పద్ధతి యూరప్‌లో చాలాకాలం నడిచింది. 1867 పారిస్ ప్రదర్శనలో నార్వే నుంచి వచ్చిన అలాంటి పెట్టెని పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో బొగ్గూ గ్యాసూ కరువైనప్పుడు బ్రిటన్ గృహిణులు మళ్లీ గడ్డిపెట్టెలు కట్టుకున్నారు. గడ్డి తనంత తాను వేడిని ఆపదు, దాని పోచల మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలి ఆపుతుంది. పాత దుప్పటి, బొంత, దూది దిండు ఏదైనా ఇదే చేస్తుంది. కందిపప్పు పొయ్యి మీద పది నిమిషాలు మరిగించి, మూత తీయకుండా గిన్నెని రెండు బొంతల్లో చుట్టి గంటన్నర వదిలితే పప్పు మెత్తబడుతుంది, గ్యాస్ సగానికి పైగా మిగులుతుంది. కూడు ఉడకడానికి మంట ఆగకుండా ఉండాలన్న నమ్మకం మనలో ఎంత లోతుగా ఉందంటే, ఇంత తేలిక పద్ధతిని చూసి కూడా చాలామంది నమ్మరు.

తక్కువ వేడి, ఎక్కువ కాలం అన్న సూత్రాన్ని అనుకోకుండా పట్టుకున్నవాడు కౌంట్ రంఫర్డ్. వేడి అనేది పదార్థం కాదు, చలనం అని ఫిరంగులు తొలిచే చోట గమనించి చెప్పినవాడు ఆయనే. బంగాళాదుంపలు ఎండబెట్టే యంత్రంలో గొర్రె మాంసం వేయించి చూద్దామని పెట్టాడు. మూడు గంటలకీ ఉడకలేదు. వదిలేసి వెళితే, రాత్రంతా అందులోనే ఉండిపోయిన మాంసం తెల్లారి చూస్తే మెత్తగా, రసంతో, మంచి రుచితో ఉంది. మాంసంలోని గట్టి పీచు జిగురుగా మారడానికి ఎక్కువ వేడి అక్కర్లేదు, ఎక్కువసేపు కావాలి. ఇవాళ పెద్ద హోటళ్లలో సంచుల్లో మాంసం కట్టి గోరువెచ్చటి కంటే కాస్త ఎక్కువ వేడి నీళ్లలో గంటలకొద్దీ ఉంచేది ఈ సూత్రం మీదే.

ఇక్కడ ఒక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఫ్లాస్కులోనో బొంతలోనో రాజ్మా వండకండి. ఎర్రటి ఆ చిక్కుడుగింజల్లో ఫైటోహెమగ్లుటినిన్ అనే మాంసకృత్తు ఉంది. నాలుగైదు పచ్చిగింజలు తిన్నా చాలు, కొన్ని గంటల్లో భయంకరమైన వాంతులు పట్టుకుంటాయి. నూరు డిగ్రీల దగ్గర మరిగితే అది నశిస్తుంది. 80 దగ్గర ఆగిపోతే నశించకపోగా పచ్చిగింజ కంటే ఎక్కువ విషం చూపుతుంది. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట గలగల మరిగించాకే బొంతలో చుట్టాలి. అన్నంతో ఇంకోరకం ప్రమాదం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. 60 డిగ్రీల పైన ఉన్నంతసేపే ఫ్లాస్కు వంటసామాను. అంతకంటే దిగిందంటే అది సూక్ష్మజీవుల్ని పెంచే పాత్ర. సాయంత్రం పోసి పొద్దున తెరవడం అందుకే వద్దు.

నీళ్లలో ముంచకుండా తడివంట చేయాలంటే ఆవిరి. గ్రాము ఆవిరి చల్లటి పిండిని తాకి నీరుగా మారేటప్పుడు 2260 జౌళ్లు వదిలేస్తుంది. అదే గ్రాము మరిగే నీరు 30 డిగ్రీలకి చల్లారితే వదిలేది 293 జౌళ్లే. దాదాపు ఎనిమిది రెట్ల తేడా. ఇడ్లీపాత్ర రాకముందు మన అవ్వలు వాసెన కట్టి కుడుములు వండారు. కుండలో సగం నీళ్లు, మూతికి బిగించి కట్టిన తడిగుడ్డ, దాని మీద పిండి, పైన మూకుడు బోర్లించడం. గుడ్డ ఒక వంటపాత్ర! నేత సందుల్లోంచి ఆవిరి వస్తుంది, చిక్కటి పిండి కిందికి జారదు. కోనసీమలో పనసాకుల్ని ఈనెపుల్లలతో బుట్టలుగా కుట్టి అందులో పిండి పోసి పొట్టిక్కలు వండుతారు. 1910లో కలకత్తాలో ఇందుమాధవ్ మల్లిక్ అనే వైద్యుడు టిఫిన్ క్యారియర్ గిన్నెల్ని ఒక పొడవాటి డబ్బాలో పేర్చి, అడుగున బొగ్గుల కుంపటి పెట్టి ఇక్మిక్ కుక్కర్ తయారుచేశాడు. అన్నం, పప్పు, కూర ఒకే ఆవిరిలో ఒకేసారి ఉడికాయి. ఒంటరిగా ఉద్యోగం చేసుకునే బెంగాలీలకి అది అన్నం పెట్టింది.

వస్తువుని తిరగేస్తే వంట పుట్టిన ఉదాహరణ మన దగ్గరే ఉంది, ఆత్రేయపురం పూతరేకు. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నున్నటి కుండని బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులతో మంట పెడతారు. బియ్యం నానబెట్టి రుబ్బి పాల కంటే పల్చగా చేసిన పిండిలో సన్నటి గుడ్డ ముంచి, దాన్ని రెండు చేతులా పట్టి కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతారు. తడి తగిలిన చోట 'చుయ్' మంటుంది. గుడ్డ అవతలికి చేరేలోపే కుండ మీద తెల్లటి పొర ఆరి, అంచులు లేస్తాయి. వేలితో తీస్తే కాగితంలా వచ్చేస్తుంది. ఒక రెప్పపాటులో రెండు పనులు జరిగాయి. పిండిపదార్థం ఉబ్బి జిగురైంది, వెంటనే ఎండి పొర అయింది. పొర మందంగా ఉంటే లోపలి తడి పోయేలోపు అడుగు మాడేది. కుండ పల్చటిదైతే మొదటి తడికే చల్లబడేది. దళసరి మట్టి తనలో దాచుకున్న వేడి వల్ల ఒక రేకు తర్వాత ఇంకో రేకు ఆగకుండా వస్తుంది. మంట ఎక్కువైతే పిండి అంటకుండా చిట్లుతుంది, తక్కువైతే ఊడి రాదు. ఏ మీటా ఏ చుక్కలూ లేకుండా కొబ్బరాకు ఎప్పుడు తోయాలో, ఎప్పుడు లాగాలో ఆ ఆడవాళ్ల చేతులకి తెలుసు. ఇస్త్రీపెట్టెలో వంగే పట్టీ చేసే పని వాళ్లు కంటితో చెవితో చేస్తున్నారు.

మారేడుమిల్లి, అరకు దారుల్లో అమ్మే బొంగు చికెన్ చూసినవాళ్లకి ఒక అనుమానం రావాలి. నిప్పుల మీద పెట్టిన బొంగు కాలిపోదేం? ఇదే ప్రశ్నని ఇంట్లో కాగితంతో వేసుకోవచ్చు. పల్చటి మామూలు కాగితాన్ని దొన్నెలా మడిచి నీళ్లు పోసి, మంట నీటిమట్టానికి కిందే తగిలేలా పట్టుకుంటే నీళ్లు మరుగుతాయి, కాగితం అంటుకోదు. కాగితం మండడానికి 230 డిగ్రీల దరిదాపుల వేడి కావాలి. పల్చగా ఉండటం వల్ల తగిలిన వేడంతా వెనకున్న నీళ్లకి దాటిపోతుంది, నీళ్లు నూరు దాటవు, కనుక కాగితమూ పెద్దగా దాటదు. పచ్చి బొంగులో తడి ఉంది, లోపల మాంసంలో తడి ఉంది. ఆ తడి ఇగిరేదాకా బయట నల్లబడినా లోపల ఆవిరిలోనే ఉడుకుతుంది. పిల్లలతో ఈ కాగితం ప్రయోగం పెద్దవాళ్లు దగ్గరుండి తప్పక చేయించాలి. టీ కప్పులు మాత్రం వాడొద్దు, వాటి లోపల పాలిథీన్ పూత ఉంటుంది.

ఇక పొడివంటకి ఇసుక కూడా ఒక సాధనమే. పల్లీలూ మరమరాలూ వేయించే బట్టీలో ఇసుక గింజని అన్ని వైపుల నుంచీ తాకుతుంది, పెనమైతే ఒక్క వైపే. ఓవెన్లు లేని రోజుల్లో ప్రెషర్ కుక్కర్‌లో ఇసుకో ఉప్పో పోసి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి కేకులు చేసిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. విజిలుతో ఆవిరిని బిగబట్టినప్పుడు కుక్కర్ 121 డిగ్రీల తడిపాత్ర, విజిలు లేకుండా అదే 180 దాకా పోయే పొడి ఓవెన్.

మామూలు బల్బుతోనూ కేకు వండారు. 1963లో అమెరికాలో కెన్నర్ కంపెనీ పిల్లల కోసం అమ్మిన ఈజీ-బేక్ ఓవెన్‌లో నిప్పు బదులు రెండు నూరు వాట్ల బల్బులుండేవి. తీగ బల్బు మింగే కరెంటులో పదిశాతం కూడా వెలుగు కాదు, మిగతాది వేడే. తీగ బల్బుల వాడకం తగ్గాక ఆ బొమ్మ పొయ్యిలో బల్బులు తీసి వేరే కాయిల్ పెట్టాల్సి వచ్చింది.

ఇక ఏ వస్తువుతో వండకూడదు? నీళ్లు కాచే ఇమ్మర్షన్ రాడ్‌తో బకెట్లో గుడ్లు వెయ్యడం హాస్టళ్లలో ఉంది. అది నేరుగా ప్రాణం మీదికి వచ్చే పని. రాడ్ కవచం ఎక్కడైనా చిట్లిందంటే నీళ్లలో కరెంటు ఉంటుంది, గుడ్డు తీయడానికి చెయ్యి పెడతారు. కెటిల్ సంగతికొస్తే, మామూలు చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది మోసేది 1380 వాట్లు. 1500 వాట్ల కెటిలే దాన్ని దాటింది. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి దానితోపాటు ఇస్త్రీపెట్టె కూడా తగిలిస్తే వేడెక్కేది గోడలోని తీగ. హాస్టళ్లు ఇవి వద్దనేది వంట మీద కోపంతో కాదు, పాత వైరింగ్ భయంతో. అయితే ఆకలి వేసే వయసు పిల్లల్ని వందలమందిని ఒకచోట చేర్చి, రాత్రి వేళ ఒక వేడినీళ్ల కుళాయి, ఒక 16 ఆంపియర్ల పాయింటు ఉన్న గది కూడా ఇవ్వకుండా నిషేధం బోర్డు మాత్రం పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

గిన్నె కాని గిన్నె నుంచి తిండిలోకి ఏం దిగుతుందన్నది చివరి మాట. జింకు పూత బకెట్లో చారు కాస్తే చింతపులుపు జింకుని కరిగించుకుంటుంది, తిన్నవాళ్లకి వికారం, వాంతులు. పెయింటు డబ్బా, మందుల డబ్బా ఎంత కడిగినా వంటకి పనికిరావు. అల్యూమినియం రేకు రొట్టెకీ మక్కజొన్నకీ ఇబ్బంది లేదు గానీ, పులుసు పట్టించిన చేపనో నిమ్మరసంలో నానిన ముక్కల్నో అందులో చుడితే ఆమ్లం రేకుని తినేసి సన్నటి చిల్లులు పెడుతుంది. చేపకీ రేకుకీ మధ్య ఒక పొర అరిటాకు వేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది, ఆకు వాసన కూడా ముక్కకి పడుతుంది.